రోగభయమును కొలుచు త్రాసు

(కుటుంబ కూటములకు, స్త్రీల సమాజములకు, యౌవనస్థుల కూటములకు అధ్యయన పాఠము)



ఈ పాఠము రోగమును గూర్చినది కాదు. రోగము మనకు వచ్చునా, రాదా అని మన లోపల మనము వేసికొను లెక్కను గూర్చినది. ఒకే చాల్‌లో, ఒకే నల్లా నీళ్ళు పట్టుకొనుచు, ఒకే వరుస సండాసులు వాడుకొను కుటుంబములను చూడండి. ఒక ఖోలీలోనివారు "ఏ జబ్బు తిరిగినా ముందు మాకే వచ్చును" అని భయపడుచుందురు. ప్రక్క ఖోలీలోనివారు "మాకేమీ కాదు" అని నిశ్చింతగా ఉందురు. ఈ తేడా ఎక్కడ నుండి వచ్చినది? దానిని కొలువవచ్చునా? కొలిచినచో, కెనడాలోని కాలేజీ విద్యార్థికిని కామాటిపుర గల్లీలోని మన సహోదరికిని ఒకే కొలత సరిపోవునా? ఈ మూడు ప్రశ్నలే నేటి పాఠము.

ఇది పండితులు తేల్చుకొనవలసిన సంగతి అని ప్రక్కన పెట్టకండి. ఈ లెక్క తప్పినప్పుడు రెండు విధములుగా నష్టము కలుగును. పరీక్ష చేయించుకొనవలసినవాడు చేయించుకొనడు. దూరము పెట్టకూడనివానిని మనము దూరము పెట్టుదుము. ఈ రెండును మన మధ్య జరుగుచున్నవి.

1. మన నగరము నేర్పిన సంగతులు

కామాటిపుర అను పేరే మనవారిని బట్టి వచ్చినది. 18వ శతాబ్దపు చివరి కాలము నుండి నిజాము రాజ్యములోని తెలుగు ప్రాంతములను విడిచి వచ్చి, ఈ నగరపు రోడ్లను, మేడలను కట్టిన కూలీలను కామాటీలు అని పిలిచిరి. వారు నివసించిన స్థలము కామాటిపుర ఆయెను. తరువాత బట్టల మిల్లులు పెరిగినప్పుడు నేతపని తెలిసినవారును, వారితో కూడ అనేక కులములవారును వర్లీ, లోయర్ పరేల్, నాయ్‌గావ్ ప్రాంతముల చాళ్ళకు వచ్చి చేరిరి. 1920వ దశకములో కట్టిన బి.డి.డి. చాళ్ళలో ఒక ఖోలీ వైశాల్యము సుమారు 160 చదరపు అడుగులు. అందులో ఒక కుటుంబము, ఊరి నుండి పనికి వచ్చిన చుట్టములు, పండుగకు వచ్చిన అత్తమామలు అందరును సర్దుకొనిరి.

1896 సెప్టెంబరులో మాండ్వీ ప్రాంతములో డాక్టర్ అకాసియో గాబ్రియేల్ వియేగాస్ ప్లేగు వ్యాధిని గుర్తించెను. అప్పటికి నగర జనాభా 8 లక్షల పైచిలుకు. కొద్ది నెలలలో లక్షల మంది ఊరు విడిచిపోయిరి. ఆ అక్టోబరులోనే మిల్లు పనివారు వందలుగా కూడుకొని ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీదికి పోయిరి. ఇప్పుడు కస్తూర్బా ఆసుపత్రి అని పిలువబడునది అదే. ఎందుకు పోయిరి? ఆసుపత్రికి తీసికొనిపోబడినవాడు తిరిగి రాడని, అక్కడ ఏదో చేయుదురని పుకారు పుట్టెను. 1897లో అంటువ్యాధుల చట్టము వచ్చిన మీదట ఇండ్లు సోదా చేయుట, రోగులను వేరు చేయుట మరింత కఠినమాయెను. రోగిని ఇంటిలోనే దాచిపెట్టినవారు అనేకులు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. ఆ జనులకు భయము లేక కాదు. వారు రోగము కంటె ఆసుపత్రికి ఎక్కువ భయపడిరి. "ప్లేగు అంటే నీకు భయమా?" అని మాత్రమే అడిగినవానికి ఆ సంగతి తెలిసియుండదు. ఒక భయమును కొలిచి, దాని ప్రక్కనే ఉన్న పెద్ద భయమును విడిచిపెట్టినచో లెక్క తప్పిపోవును.

ఆ దినములలోనే వాల్డెమార్ హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు మన కామాటిపురకు నడిచి పోగల దూరములో ఉన్న గ్రాంట్ వైద్య కళాశాలలో పనిచేసి ప్లేగు టీకా సిద్ధపరచెను. 1897 జనవరి 10న మొదట తానే వేయించుకొనెను. ఆ నెలలోనే బైకుల్లా జైలులో ఇష్టపడిన ఖైదీలకు వేసి చూచిరి. మాటలతో పోగొట్టలేని జంకును పోగొట్టుటకు ముందుగా తన చేయి చాపుట ఒక మార్గమని ఆయన ఎరిగియుండెను.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వార్త పుట్టగానే లక్షల మంది పట్టణము విడిచిరి. మర మగ్గముల మీద పనిచేయు మన తెలుగువారును వారిలో ఉండిరి. దేశము మొత్తము మీద ఆ వ్యాధి వలన చనిపోయినవారు 60 మంది లోపే. అదే సంవత్సరములో క్షయ వ్యాధి మన దేశములో లక్షల ప్రాణములను తీసికొనెను. దానికి భయపడి ఎవరును రైలు ఎక్కలేదు. క్రొత్త రోగము పులివలె కనబడును. పాత రోగము చెదపురుగువలె కనబడకయే తినివేయును.

2020 జులైలో కార్పొరేషన్‌వారు, ఇతర సంస్థలవారు కలిసి మాటుంగా, చెంబూరు, దహిసర్ వార్డులలో రక్తపరీక్షలు చేసిరి. బస్తీలలో నూటికి 57 మందికి అప్పటికే కోవిడ్ సోకి పోయినట్లు కనబడెను. బస్తీలు కాని చోట్ల నూటికి 16 మందికే. జనము క్రిక్కిరిసి ఉండుట, సండాసులు ఉమ్మడిగా ఉండుట ఇందుకు కారణములు కావచ్చునని వారు చెప్పిరి. అనగా ప్రమాదము మనిషి స్వభావమును మాత్రమే కాక గోడలను, గొట్టములను కూడ బట్టి ఉండును.

2. ప్రమాదము వేరు, ప్రమాద భావము వేరు

భావమును కొలుచుటలో ప్రయోజనమేమి? 1950వ దశకములో అమెరికా ప్రజారోగ్య శాఖలో గాడ్‌ఫ్రీ హాక్‌బామ్ అను పరిశోధకుడు ఈ ప్రశ్న వేసెను. ఉచితముగా ఛాతీ ఎక్స్‌రే తీయుదుమని, అది క్షయను ముందుగా పట్టునని ప్రకటించినను జనులు రాలేదు. ఆయన మూడు పట్టణములలో సుమారు 1,200 మంది పెద్దలను ప్రశ్నించెను. "క్షయ నాకు కూడ రావచ్చును, ముందుగా తెలిసికొన్నచో మేలు" అను రెండు నమ్మకములును ఉన్నవారిలో నూటికి 82 మంది తమంతట తామే ఎక్స్‌రే తీయించుకొనియుండిరి. ఆ రెండును లేనివారిలో నూటికి 21 మందియే తీయించుకొనిరి.

ఇందులో రెండు మాటలున్నవి. "నాకు రావచ్చును" అనునది ఒకటి. "చేయగలిగినది ఉన్నది" అనునది రెండవది. మొదటిది మాత్రమే ఉండి రెండవది లేనివాడు భయముతో దాగుకొనును. 1896లో మన నగరములో జరిగినది అదియే. కనుక సంఘములో భయపెట్టు ప్రసంగము ఒక్కటే చాలదు. మార్గము కూడ చూపవలెను.

1980లో నీల్ వైన్‌స్టీన్ అను మరొక పరిశోధకుడు ఇంకొక సంగతి చూపెను. మంచి సంగతులు ఇతరులకంటె తమకే ఎక్కువగా కలుగునని, చెడుగు ఇతరులకే ఎక్కువగా కలుగునని సామాన్యముగా మనుష్యులు తలంచుదురు. ఇది తెలుగువారికి మాత్రమే ఉన్న దోషము కాదు. అయితే ఆ తలంపు మన మధ్య ఏ మాటలలో బయటికి వచ్చునో మనమే తెలిసికొనవలెను.

3. పండితులు చేసిన కొలత

2009వ సంవత్సరములో డంకన్, షాలర్, పార్క్ అను ముగ్గురు పరిశోధకులు ఒక ప్రశ్నావళిని ప్రచురించిరి. "రోగమునకు నేను లోబడుదునను భావము" ఎంత ఉన్నదో కొలుచుట దాని పని. అందులో 15 వాక్యములున్నవి. ఒక్కొక్క వాక్యమునకు "బొత్తిగా ఒప్పుకొనను" మొదలుకొని "పూర్తిగా ఒప్పుకొందును" వరకు 7 మెట్లున్నవి.

ఆ వాక్యములు రెండు గుంపులు. మొదటి గుంపులోని 7 వాక్యములు నా దేహము ఎంత సులభముగా జబ్బు పడునని నేను అనుకొనుచున్నానో అడుగును. దీనిని "సోకుడు భావము" అందము. రెండవ గుంపులోని 8 వాక్యములు క్రిములు అంటునని తోచిన చోట నాకెంత ఏవగింపు కలుగునో అడుగును. ఇతరుల సీసాలో నీరు త్రాగుట, వాడిన బట్టలు కట్టుకొనుట, కరచాలనము తరువాత చేతులు కడుగుకొనుట, డబ్బు ముట్టుకొనుట వంటివి ఇందులో ఉన్నవి. దీనిని "ఏవగింపు భావము" అందము.

ఈ రెండింటిని వేరు చేయుటలో గొప్ప మేలున్నది. ఒకనికి మొదటిది ఎక్కువ, రెండవది తక్కువ కావచ్చును. మరొకనికి మొదటిది తక్కువ, రెండవది ఎక్కువ కావచ్చును. ఈ రెండవవాని మాట ఇట్లుండును: "నాకు ఏ రోగము రాదు, గాని వానిని మాత్రము నేను ముట్టను." ఇతడు తన దగ్గును పరీక్ష చేయించుకొనడు, పొరుగువాని దగ్గును క్షమించడు. సంఘమునకు అందరికంటె ఎక్కువ నష్టము ఇతని వలననే కలుగును. రెండు అంకెలను ఒకటిగా కలిపి చూచినచో ఇతడు మధ్యస్థుడుగా, మంచివాడుగా కనబడును.

ఈ కొలత జపాను, స్పెయిను మొదలైన దేశముల భాషలలోనికి పోయెను. కోవిడ్ సంవత్సరములలో దీని వాడుక మరింత పెరిగెను. అచ్చటనే చిక్కు కూడ తెలిసినది. మొదటి గుంపు వాక్యములు చాల చోట్ల ఒక దానితో ఒకటి చక్కగా పొసగినవి. రెండవ గుంపు అంత నిలకడగా లేదు. ముఖ్యముగా "నాకు బాధ లేదు", "నాకు మురికిగా తోచదు" అని తలక్రిందులుగా అడిగిన వాక్యములు కొన్ని అనువాదములలో సరిగా పనిచేయలేదు.

4. శేరు అను పేరు ఒక్కటే

దీనిని బోధపరచుటకు పాత తూకముల సంగతి చెప్పెదను. ఒకప్పుడు మన దేశమంతటను శేరు అను మాట ఉండెను. గాని బొంబాయి శేరు వేరు, మద్రాసు శేరు వేరు, బెంగాలు శేరు వేరు. "ఐదు శేర్లు" అని ఒక ఊరి నుండి మరొక ఊరికి ఉత్తరము వ్రాసినచో, చదివినవాడు తన ఊరి శేరునే తలంచుకొనును. మాట ఒక్కటే, బరువు వేరు. 1956లో తూనికల చట్టము వచ్చి కిలో స్థిరపడిన తరువాతనే ఆ చిక్కు తీరెను. మోసపు త్రాసును గూర్చి సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటి వచనము మనకందరికి తెలిసినదే. ఇక్కడ మోసము చేయువాడు ఎవడును లేడు. అయినను తూకము తప్పును.

ప్రశ్నావళికి కూడ ఇదే జరుగును. కెనడాలో 4 వచ్చినవాడును, కామాటిపురలో 4 వచ్చినవాడును సమానమని చెప్పుటకు ముందు, ఆ రెండు చోట్ల వాక్యము ఒకే బరువును తూచుచున్నదా అని పరీక్షించవలెను. వాక్యములు రెండు చోట్ల ఒకే రీతిగా గుంపులు కట్టవలెను. ఒకే భావము గలవారు ఒకే మెట్టు మీద గుర్తు పెట్టవలెను. అది తేలక మునుపు "ఫలానా దేశమువారు రోగమునకు ఎక్కువగా భయపడుదురు" అని చెప్పుట శేరుతో శేరును పోల్చుటయే.

మన ఇండ్లలో ఈ చిక్కునకు దూరము పోనక్కరలేదు. నాయనమ్మ తెలుగులో ఆలోచించును. కొడుకు పనిచోట మరాఠీ, హిందీ మాటలాడును. మనవరాలు ఇంగ్లీషు బడిలో చదువుకొనును. ఒకే జ్వరమును నాయనమ్మ "వేడి చేసింది" అనును, కొడుకు "హవా బాగాలేదు" అనును, మనవరాలు "వైరల్" అనును. వేడి చేసినది అనుకొన్నవారు చలువ కొరకు మజ్జిగ త్రాగుదురు గాని, అది ఇతరులకు అంటునని తలంచరు. ఒక్క ఖోలీలోనే మూడు శేర్లు!

5. తెలుగులో అడిగినప్పుడు కలుగు నాలుగు చిక్కులు

మొదటిది, ఎంగిలి. ఇతరుల సీసాలోని నీరు త్రాగుటకు అభ్యంతరమా అని అడిగినచో మనవారు "లేదు" అందురు. ఎందుకనగా మనము పెదవి తగిలించము; ఎత్తి నోటిలో పోసికొందుము. ఆ జవాబు క్రిములను గూర్చినది కాదు. అదే సీసాను ఎవరైనా కరచుకొని త్రాగినచో అభ్యంతరము కలుగును. అదియు క్రిమిని గూర్చి కాకపోవచ్చును. ఎంగిలిని గూర్చి చిన్నప్పుడు అమ్మ నేర్పిన అలవాటు కావచ్చును.

రెండవది, లేమి. వాడిన బట్టలు కట్టుకొనుట ఇష్టమా అని అడిగినచో, పెద్దకొడుకు చొక్కా చిన్నవానికి వేయక తప్పని తల్లి ఏమి చెప్పును? చేతులు వెంటనే కడుగుదువా అని అడిగినచో, పూటకు కొంతసేపే నల్లా వచ్చు చాల్‌లోనివారు ఏమి చెప్పుదురు? ఆ జవాబు మనస్సును కాదు, నీటి కొరతను కొలుచును. "నీళ్ళు ఉంటే" అను రెండు మాటలు చేర్చినగాని ఆ ప్రశ్న మనకు న్యాయము చేయదు.

మూడవది, వ్యతిరేక వాక్యము. ఉపాధ్యాయులందరికి ఇది అనుభవమే. "నీకు భయము లేదా?" అని అడిగినచో తెలుగు పిల్లవాడు "అవును" అన్నను, "లేదు" అన్నను భయము లేదనియే అర్థము కావచ్చును. "రోగుల దగ్గర ఉన్నప్పుడు నాకు దిగులు కలుగదు" అను వాక్యమునకు "ఒప్పుకొనను" అని గుర్తు పెట్టుమన్నచో చదువుకొన్నవారు కూడ తడబడుదురు. నోటితో అడుగునప్పుడు వాక్యము నేరుగా ఉండుట మంచిది.

నాలుగవది, నోటి మాట. ఇది మనకు అన్నిటికంటె ముఖ్యము. "నాకు జబ్బు వచ్చును" అని పలుకుట మన పెద్దలకు ఇష్టము లేదు. ఇరుగుపొరుగువారు అశుభము పలుకకూడదందురు. విశ్వాసులు "దేవుని దయ వలన ఏమీ రాదు" అందురు. ఇట్టి సంభాషణ మన చాళ్ళలో వినబడునదే:

"పెద్దమ్మా, నెల రోజుల సంది దగ్గుతున్నవు. దవాఖానకు పోయి తెమడ చూపిచ్చుకో రాదే?"

"ఏం గాదు బిడ్డా. సిమెంటు దుమ్ముకు వచ్చిన దగ్గు. దేవుడున్నడు, ఆయనే చూసుకుంటడు."

ఈ తల్లి ప్రశ్నావళిలో సోకుడు భావమునకు అన్నిటికంటె క్రింది మెట్టున గుర్తు పెట్టించును. ఆమెకు భయము లేదని మనము వ్రాసికొందుము. గాని ఆమె చెప్పినది తన సాక్ష్యము. తన లెక్క కాదు. లోపల లెక్క వేరుగా ఉండవచ్చును. పరీక్షలో టీబీ అని తేలినచో కోడలు పళ్ళెము వేరు చేయునేమో, మనవరాలి సంబంధము తప్పిపోవునేమో, మేస్త్రీ పనికి పిలువడేమో అను భయము ఆమెకు ఉండవచ్చును. విశ్వాసపు మాటను గౌరవించుచునే ఆ రెండవ భయమును మెల్లగా అడుగువారు కావలెను. అడుగువాడు పాస్టరుగారైనచో "అవునండి" అను మర్యాద జవాబే వచ్చును. సమ వయస్సు గల స్త్రీ, పని చేసికొనుచు, ఒంటరిగా అడిగినచో నిజము వచ్చును.

6. "అంటు" అను మాట బరువు

అంటువ్యాధి, అంటరానితనము — ఈ రెండు మాటలకు మూలము ఒక్కటే. మన తాతలలో అనేకులు ఊరి బయటి పేటలలో పుట్టినవారు. బావి దగ్గర వారికి నీళ్ళు పైనుండి పోసిరి. హోటలులో వారి గ్లాసు వేరుగా పెట్టిరి. అక్కడ రోగము లేదు, క్రిమి లేదు; ఏవగింపు మాత్రము ఉండెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే దానిని నిషేధించెను. ఏవగింపు భావమును కొలుచు ప్రశ్నావళిని ఆ గ్లాసు వేరుపెట్టినవారికి ఇచ్చినచో ఎక్కువ అంకె వచ్చును. అది శుభ్రత అని వ్రాసికొనిన పరిశోధకుడు ఎంత తప్పిపోవును!

మరొక వైపు చూడండి. మన సంఘములు ప్రేమవిందులో ఒక్క పంక్తిని కూర్చుండి, ఒకరు వండినది ఒకరు తినుట నేర్చుకొనినవి. మనవారు "ఎవరి పళ్ళెములోనైనా తినెదను" అని చెప్పినప్పుడు అది మానము తెలిసిన మాట, క్రిములను గూర్చిన మాట కాదు. దానిని అజాగ్రత్త అని వ్రాయుట కూడ తప్పే.

ఈ కొలతను పుట్టించిన పరిశోధకులలో కొందరు 2004లోనే ఒక సంగతి ప్రకటించిరి. రోగమునకు తాము సులభముగా లోబడుదుమని తలంచువారు, తమకు పరిచయము లేని దేశముల నుండి వలస వచ్చువారిని ఎక్కువగా వ్యతిరేకించుట కనబడెను. అనగా ఈ భావము సబ్బు కొనుటలోనే కాదు, మనుష్యులను తలుపు బయట నిలువబెట్టుటలో కూడ పనిచేయును. వలస వచ్చిన మనకు దీని రుచి తెలియును. 2020 మే నెలలో ముంబాయి విడిచి ఊళ్ళకు పోయినవారిలో అనేకులు సొంత ఊరి పొలిమేరలోనే ఆగవలసివచ్చెను. తెలంగాణ ప్రభుత్వ లెక్కలలో వలస నుండి తిరిగి వచ్చినవారి కేసులను వేరుగా చూపిరి. జాగ్రత్త కొరకు కొన్ని దినములు వేరుగా ఉంచుట న్యాయమే. ఆ దినములు గడచిన తరువాత కూడ నల్లా దగ్గరికి రానియ్యకపోవుట జాగ్రత్త కాదు.

అట్లు బాధపడిన మనము ఇతరుల యెడల ఎట్లున్నాము? హెచ్.ఐ.వి. సోకినవారిని తలంచుకొనండి. 1990వ దశకములో కామాటిపుర పేరు చెప్పగానే లోకము ఆ రోగమునే తలంచెను. అక్కడ బియ్యపు అంగడి పెట్టుకొన్నవాడును, కూలికి పోవువాడును ఆ నింద మోసెను. ఆ వైరస్ ముట్టుకొనుట వలన గాని, ఒకే గ్లాసు వాడుట వలన గాని, ఒకే సండాసు వాడుట వలన గాని అంటదు. 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వము ఉచితముగా మందులు ఇచ్చుచున్నది. వివక్ష చూపుట నేరమని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్నది. అయినను ఇంటి గిన్నెలు వేరు చేయు ఆచారము పూర్తిగా పోలేదు. మార్కు సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు కుష్ఠరోగిని ముట్టిన తరువాత, యాజకునికి కనబరచుకొనుమని పంపుట మీరు చదివియున్నారు. ముట్టుటయు ఉన్నది, పరీక్షకు పంపుటయు ఉన్నది. మనకు రెండును కావలెను.

క్షయ విషయములో జాగ్రత్త వేరు. అది గాలి ద్వారా అంటునది. కిటికీ లేని ఖోలీలో సులభముగా వ్యాపించును. 2023లో మన దేశములో దాని వలన 3 లక్షలకు పైగా చనిపోయిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లోకములోని క్షయ రోగులలో దాదాపు నాలుగవ వంతు మన దేశమువారే. అయితే సామాన్య క్షయకు సరియైన మందులు మొదలు పెట్టిన కొన్ని వారములలో అంటించు శక్తి బాగుగా తగ్గును. సుమారు 6 నెలలు విడువక వాడినచో స్వస్థత కలుగును. కనుక మందు వాడుచున్న రోగికంటె, పరీక్షకు పోని దగ్గు ఎక్కువ ప్రమాదము. మన ఏవగింపు తరచుగా మొదటివాని మీద పడును, రెండవవానిని విడిచిపెట్టును.

7. మన కూటములలో చేయదగిన అభ్యాసము

క్రింది వాక్యములు చాళ్ళ జీవితమునకు తగినట్లు వ్రాసినవి. ఇది పండితులు పరీక్షించిన కొలత కాదు. ఆలోచన పుట్టించుటకు అభ్యాసము మాత్రమే. 7 మెట్లకు బదులు మన పెద్దలకు తెలిసిన అణాల లెక్క వాడండి: బొత్తిగా లేదు, నాలుగణాలు, ఎనిమిదణాలు, పన్నెండణాలు, పదహారణాలు. చదువు రానివారికి నాలుగు గింజలు చేతికిచ్చి, ఎన్ని పెట్టుదురో చూడండి. పేరు వ్రాయకండి.

(అ) మా చాల్‌లో దగ్గు, జ్వరం తిరుగుతుంటే నాకూ వస్తుంది.
(ఆ) మా వాడకట్టు వాళ్ళ కన్నా నాకు జబ్బు తొందరగా అంటుకుంటుంది.
(ఇ) రెండు వారాలు దగ్గు తగ్గకపోతే అది టీబీ కావచ్చునని నాకు అనిపిస్తుంది.
(ఈ) లోకల్ బండిలో ఎవరైనా నోటికి అడ్డం పెట్టుకోకుండా దగ్గితే నాకు చిరాకు కలుగుతుంది.
(ఉ) సండాసు గడియ ముట్టుకున్న తరువాత, నీళ్ళు ఉంటే, సబ్బుతో చేతులు కడుగుతాను.
(ఊ) మందులు వాడుతున్న టీబీ మనిషి ఇంట్లో కూర్చుని చాయ తాగడం నాకు ఇబ్బంది.
(ఋ) టీబీ అని తేలితే మా వాళ్ళు నన్ను దూరం పెడతారు.

మొదటి మూడు సోకుడు భావము. (ఈ), (ఉ) ఏవగింపులో మేలు చేయు భాగము. (ఊ) ఏవగింపులో గాయపరచు భాగము. (ఋ) పరీక్షకు పోనియ్యని భయము. అన్నిటిని కలిపి ఒక్క అంకె చేయకండి. (ఇ) తక్కువగా, (ఋ) ఎక్కువగా వచ్చిన కూటములో ఆరోగ్య ప్రసంగమునకు ముందు క్షమాపణలు, సందర్శనలు అవసరము.

హిందీలో గాని మరాఠీలో గాని అడుగవలసివచ్చినచో, ఒకరు అనువదించిన దానిని, మూలము చూడని మరొకరిచేత తిరిగి తెలుగులోనికి మార్పించండి. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ఈ పద్ధతిని వివరించెను. తిరిగి వచ్చిన వాక్యము మొదటి వాక్యముతో కలియనిచో, ఎక్కడ తప్పినదో అక్కడనే మన రెండు లోకముల మధ్య తేడా ఉన్నది. యౌవనస్థులకు ఇది మంచి పని.

8. చర్చించుటకు ప్రశ్నలు

1. మీ ఇంటిలో "వేడి చేయుట", "గాలి సోకుట", "అంటుట" అను మూడు మాటలను ఏయే జబ్బులకు వాడుచున్నారు? అంటునది కాదని మీరు తలంచిన వాటిలో అంటునది ఏదైనా ఉన్నదా?

2. "దేవుని దయ వలన ఏమీ రాదు" అను మాటకును, మునిసిపల్ దవాఖానలో ఉచితముగా తెమడ పరీక్ష చేయించుకొనుటకును విరోధమున్నదా?

3. మీ సంఘములో ప్రభువు బల్ల పాత్ర ఒక్కటా, చిన్న గ్లాసులా? ఆ నిర్ణయము జాగ్రత్త వలన కలిగినదా, అలవాటు వలనా, ఏవగింపు వలనా?

4. మీరు గిన్నె వేరు చేసిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఆ రోగము గిన్నె వలన అంటునా? పేరు బయటికి చెప్పనక్కరలేదు.

చివరి మాట. కూటమునకు వచ్చినవారిలో రెండు వారములకు మించి దగ్గుచున్నవారు ఉన్నచో, ఈ వారములోనే వారితో కూడ ఒకరు దవాఖానకు నడిచి వెళ్ళవలెను. క్షయ అని తేలినచో మందులు ఉచితము; పౌష్టికాహారము కొరకు 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేయు ఏర్పాటున్నది. ఖాతా లేని పెద్దలకు దానిని తెరచి ఇచ్చు పని యౌవనస్థులు తీసికొనవలెను. మందు మొదలు పెట్టిన కొన్ని వారముల తరువాత ఆ ఇంటికి ఇద్దరు పెద్దలు పోయి, కిటికీ తెరచి కూర్చుండి, వారు ఇచ్చిన చాయ త్రాగి రావలెను. ప్రక్క ఖోలీలవారు దానిని చూతురు. (ఋ) వాక్యమునకు పడు గింజలు అప్పుడు తగ్గును.